భాషా నిలయం నుంచి మన బడి బీరువా దాకా

ప్రతి ఏడూ జూన్‌లో, పిల్లల్ని బడిలో చేర్చుకునే రోజుల్లో, మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఏడు ఆ ప్రశ్న అడిగింది నరసాపురం పారిశ్రామిక వాడలో పనిచేసే ఒక తండ్రి. బిడ్డను చెయ్యి పట్టుకొని వచ్చాడు. "తెలుగు మాట్లాడేది ఇంట్లోనే వచ్చేస్తుంది కదా మేష్ట్రూ, మళ్ళీ బడిలో ఎందుకు? ఫ్యాక్టరీ గేటు కాడ తెలుగులో చదివినావా అని అడుగుతారా?"

ఆయన తప్పుగా అడగలేదు. గేటు దగ్గర కన్నడం కావాలి, ఇంగ్లిష్ కావాలి. మేము ఎప్పటిలాగే మాతృభాష గొప్పదనం గురించి నాలుగు మాటలు చెప్పాం. ఆయన మర్యాదగా విన్నాడు. బిడ్డను మాత్రం వేరే బడిలో చేర్చాడు.

ఆ సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో కూర్చున్నప్పుడు మా కళ్ళు మూలనున్న ఇనుప బీరువా మీద పడ్డాయి. అందులో కథల పుస్తకాలు, జీవిత చరిత్రలు, పిల్లల విజ్ఞాన పుస్తకాలు ఉన్నాయి. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి మా దగ్గరే ఉంది. పుస్తకం పోతే లెక్క ఎవరు చెప్పాలన్న భయంతో ఆ తాళం తీసి చాలా కాలమైంది. ఒకసారి ఆరో తరగతి అమ్మాయి "సార్, ఒక్క పుస్తకం ఇంటికి తీసుకుపోతాను" అంటే "తర్వాత చూద్దాంలే" అన్నాం. ఆ పాప మళ్ళీ అడగలేదు. తెలుగు ఎందుకని అడిగిన తండ్రికి మేమేం జవాబు చెప్పగలం? చదవాలని అడిగిన పాపకే పుస్తకం ఇవ్వలేకపోయాం.

ఆ మాట మనసులో పెట్టుకొనే ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చరిత్ర. నూట ఇరవై ఏళ్ళు దాటిన ఆ గ్రంథాలయాన్ని ఏ ప్రభుత్వమూ స్థాపించలేదు. తమ భాషకు కొలువులోనూ బడిలోనూ చోటు లేదని గ్రహించిన కొందరు తమ చేతనైన దానితో మొదలుపెట్టారు. భాషా అల్పసంఖ్యాక బడులు నడుపుతున్న మనకు ఆ కథలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ఇంట్లో ఉంది, కచేరీలో లేదు

1901 నాటి హైదరాబాదు సంస్థానంలో జనాభాలో సుమారు సగం మంది తెలుగువాళ్ళు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు ఉండేవారు. తెలుగువారు లెక్కలో తక్కువేమీ కాదు. కానీ 1884 నుంచి ప్రభుత్వ భాష ఉర్దూ. అంతకు ముందు పారశీకం. అర్జీ పెట్టాలన్నా, కోర్టులో మాట్లాడాలన్నా, కొలువు సంపాదించాలన్నా ఉర్దూ రావాలి. పై చదువులకు పోయేవారు ఉర్దూ, ఇంగ్లిష్ నేర్చుకొనేవారు. తెలుగు ఇంట్లో, పొలంలో, సంతలో వినబడేది. అంతకు మించి ఎక్కడా దాని అవసరం పడేది కాదు.

"ఇంట్లోనే వచ్చేస్తుంది కదా, బడిలో ఎందుకు" అన్న మాట అక్కడ కూడా వినబడే ఉంటుంది. అనడానికి తగిన కారణమూ ఉంది. తెలుగు చదివినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

అలాంటి కాలంలో 1901 సెప్టెంబర్ 1న, హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో భాషా నిలయం మొదలైంది. ఆ ప్రాంతం బ్రిటిష్ రెసిడెంటు అధీనంలో ఉండేది. ఈనాటి కోఠి, సుల్తాన్ బజారు ప్రాంతాలే అవి. సొంత భవనం లేదు. ఇంటి యజమాని చోటు ఇచ్చాడు, పుస్తకాలు పోగయ్యాయి, తలుపు తెరిచారు. అంతే.

మొదలుపెట్టినవారిలో ముగ్గురి పేర్లు ముఖ్యంగా చెప్పుకోవాలి. రావిచెట్టు రంగారావు నల్లగొండ ప్రాంతపు భూస్వామి, నిలయానికి తొలి కార్యదర్శి. నాయని వెంకట రంగారావు మునగాల రాజా. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆ మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన పండితుడు. ఒకరి దగ్గర ఇల్లు ఉంది, ఒకరి దగ్గర ధనం ఉంది, ఒకరి దగ్గర చదువు ఉంది. మూడూ ఒకచోట చేరాయి. మన ఊళ్ళలో కూడా ఈ మూడూ ఉంటాయి. ఒకచోట చేరడమే అరుదు.

ఆ పేరు ఎందుకు?

గ్రంథాలయానికి శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టారు. తెలుగు సాహిత్యానికి గొప్ప కాలం తెచ్చిన రాజుగా, ఆముక్తమాల్యద రాసిన కవిగా ఆయన అందరికీ తెలుసు. కోలారు జిల్లాలో ఉన్న మనకు ఆ పేరులో ఇంకొక అర్థం కూడా కనిపిస్తుంది. తెలుగులో కావ్యం రాసిన ఆ రాజుకు "కన్నడ రాజ్య రమారమణ" అన్న బిరుదు ఉంది. రాజధాని హంపి. ఆయన ఏలిన నేలలో మన కోలారు కూడా ఉంది. రెండు భాషలూ ఒకే కొలువులో కూర్చున్న కాలం అది.

తెలుగు బడికి పంపితే పిల్లలు కన్నడానికి దూరమవుతారని భయపడే తల్లిదండ్రులు, కన్నడ నేల మీద తెలుగు బడి ఎందుకని అడిగేవారు, ఇద్దరూ ఆ బిరుదును ఒకసారి గుర్తు చేసుకోవాలి. భాషా నిలయం స్థాపకులు కూడా ఉర్దూ మీద కోపంతో తలుపు తెరవలేదు. వాళ్ళలో చాలామందికి ఉర్దూ బాగా వచ్చు. తర్వాతి కాలంలో నిలయానికి అండగా నిలిచిన బూర్గుల రామకృష్ణారావు గారు పారశీకం, ఉర్దూ లోతుగా చదివిన బహుభాషావేత్త. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. పక్క భాష వచ్చినంత మాత్రాన సొంత భాష పోదని వాళ్ళ జీవితాలే చెబుతాయి. సొంత భాషలో చదవడం మానేసినప్పుడే అది పోతుంది.

పరాయి ఊళ్ళో నేర్చుకున్న తెలుగు

ఈ కథలో మన బడుల పిల్లలకు అందరికంటే దగ్గరివాడు కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. చదువంతా తెలుగు నేల మీద సాగలేదు. అక్క భండారు అచ్చమాంబ గారి భర్తకు మధ్య పరగణాల్లో ఉద్యోగం. తమ్ముడు వాళ్ళింట ఉండి నాగపూరులో చదివాడు. చుట్టూ మరాఠీ. ఆ మరాఠీ ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఆ భాషా పత్రికల్లో వ్యాసాలు రాసేటంత. అలా పరభాషా ప్రాంతంలో పెరిగినవాడే తర్వాత తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నాడు.

ఇక అచ్చమాంబ గారి సంగతి. ఆమె బడికి పోలేదు. చిన్న వయసులోనే పెళ్ళయింది. తమ్ముడు ఇంట్లో కూర్చొని చదువుకొంటుంటే, అతని సాయంతో తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆ తర్వాత ఇంకొన్ని భాషలు కూడా నేర్చుకుంది. ప్రసిద్ధ స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. 1902లో అచ్చయిన ఆమె కథ "ధనత్రయోదశి" తెలుగులో తొలి కథల్లో ఒకటిగా గుర్తింపు పొందింది. 1905లో, ముప్పై ఒక్క ఏళ్ళకు ముందే, ఆమె చనిపోయింది.

ఆ ఇంటిని ఒకసారి ఊహించుకోండి. తెలుగు బడి లేదు, తెలుగు పంతులు లేడు, వీధిలో తెలుగు లేదు. ఉన్నవి కొన్ని పుస్తకాలు, చదివి వినిపించే ఒక తమ్ముడు, వినాలన్న పట్టుదల ఉన్న ఒక అక్క. దాని నుంచి ఒక రచయిత్రి వచ్చింది, ఒక గ్రంథాలయ స్థాపకుడు వచ్చాడు. మన ఊళ్ళో తెలుగు బడి ఉంది, పంతుళ్ళు ఉన్నారు, వీధంతా తెలుగే. లేనిది పిల్లల చేతిలో పుస్తకం.

ఒక తలుపు తెరిస్తే

భాషా నిలయం ఒంటరిగా ఉండిపోలేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చింది. ఒక ఊరివాళ్ళు చేసింది చూసి ఇంకొక ఊరివాళ్ళు చేశారు.

అయితే గ్రంథాలయం పెట్టగానే ఒక చిక్కు ఎదురైంది. చదవడానికి తెలుగులో ఏముంది? కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. ప్రపంచ చరిత్ర కావాలన్నా, సైన్సు కావాలన్నా, దూరదేశపు గొప్పవారి జీవితాలు కావాలన్నా తెలుగులో పుస్తకం దొరికేది కాదు. అందుకని 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. ఇక్కడా కొమర్రాజు, రావిచెట్టు, మునగాల రాజా ముందున్నారు. మండలి ప్రచురించిన తొలి పుస్తకం 1907లో వచ్చిన అబ్రహాం లింకన్ చరిత్ర. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. తర్వాత చరిత్ర మీద, విజ్ఞాన శాస్త్రాల మీద వరుసగా పుస్తకాలు వచ్చాయి. గుడిసెలో పుట్టి, దొరికిన పుస్తకమల్లా చదివి దేశాధ్యక్షుడైన మనిషి కథతో ఆ వరుస మొదలైంది.

మన బడులకు ఇది ముఖ్యమైన సంగతి. బీరువాలో పుస్తకాలు ఉన్నాయని మనం సంతోషపడతాం. అవి పిల్లలు చదవాలనుకునే పుస్తకాలేనా అని చూడం. రాకెట్టు ఎలా ఎగురుతుంది, గని ఎలా తవ్వుతారు, క్రికెట్ బంతి ఎందుకు తిరుగుతుంది అని అడిగే పిల్లవాడికి తెలుగులో జవాబు దొరికితేనే తెలుగు అతనికి పనికొచ్చే భాష అవుతుంది. నీతిపద్యాల పుస్తకం ఒక్కటే ఉంటే తెలుగంటే పరీక్షలో బట్టీ పట్టేది అనుకుంటాడు.

ఇల్లు పోకుండా నిలబెట్టినవారు

1910లో రావిచెట్టు రంగారావు గారు చనిపోయారు. వయసు ముప్పై అయిదేళ్ళు కూడా నిండలేదు. చోటు ఇచ్చిన మనిషి పోతే సంస్థ కూడా పోవడం మనకు అలవాటే. ఎంత మంచి పని అయినా ఒక్కరి భుజం మీద ఉంటే ఆ ఒక్కరితోనే ఆగిపోతుంది. భాషా నిలయం ఆగలేదు. రంగారావు గారి భార్య లక్ష్మీనరసమ్మ గారు భవనానికి విరాళం ఇచ్చారు. ఇంకా పలువురు సాయపడ్డారు. అయినా సొంత భవనం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. సుల్తాన్ బజారులోని భవనానికి 1921 సెప్టెంబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. గ్రంథాలయం మొదలైన ఇరవై ఏళ్ళకు.

ఆ భవనాన్ని తెరిచినవారు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన ఊరు చిత్తూరు పక్కన కట్టమంచి. మన ముళబాగిలు దాటి పోతే వచ్చే సీమ. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో పాఠం చెప్పారు, మైసూరు సంస్థానపు విద్యాశాఖలో ఉన్నత పదవిలో పనిచేశారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. కన్నడ సంస్థానంలో విద్య బాగోగులు చూసిన తెలుగువాడు, ఉర్దూ ఏలుబడిలోని నగరంలో తెలుగు గ్రంథాలయపు తలుపు తీశాడు. మన ప్రాంతపు మనిషి చెయ్యి కూడా ఆ తలుపు మీద పడిందన్నమాట.

కేకల మధ్య ఒక ఉపన్యాసం

భవనం తెరిచిన కొన్ని వారాలకే, 1921 నవంబర్‌లో, హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు పూనాలో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన కర్వే పండితుడు. ఉపన్యాసాలు ఇంగ్లిష్‌లో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కేకలు, గోల మొదలైంది. ఆయన మాట సాగనివ్వలేదు.

సభలో ఉన్న తెలుగువారికి ఆ అవమానం తగిలింది. ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. డజను మంది కూడా ఉండరు. వారిలో మాడపాటి హనుమంతరావు గారు ఒకరు. ఆ సంఘం ఊరూరా గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టించే పనికి దిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఆ కొద్దిమంది పని ఒక ఉద్యమమైంది.

అవమానం జరిగిన చోట తిరిగి అవమానించడం తేలిక. వీళ్ళు ఆ పని చేయలేదు. 1928లో మాడపాటి వారు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల నడపడానికి పూనుకున్నారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. తెలుగు మాధ్యమపు బడికి అక్కడ గుర్తింపు దొరకలేదు. అప్పుడు ఆ బడిని పూనాలోని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. అంటే, తెలుగు ఉపన్యాసం ఆగిపోయిన ఆ సభకు అధ్యక్షత వహించిన కర్వే గారి విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లల చదువుకు గుర్తింపు ఇచ్చింది.

ఈ రోజు మన బడుల ముందు గుర్తింపు, పిల్లల సంఖ్య, ఉపాధ్యాయుల ఖాళీలు, ఆలస్యంగా వచ్చే పాఠ్యపుస్తకాలు ఇలా ఎన్నో చిక్కులున్నాయి. వాటి గురించి మాట్లాడాలి, అర్జీలు పెట్టాలి. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చిన మాట అది. దాన్ని గుర్తు చేయడం మన హక్కు. కానీ అర్జీకి జవాబు వచ్చేదాకా పిల్లవాడు ఎదగడం ఆపడు. మాడపాటి వారి కాలంలోలాగే ఒక చేత్తో అర్జీ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకోవాలి.

ఆశ్రయం పొందిన పిల్లవాడు

భాషా నిలయం చరిత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. ఆదిరాజు వీరభద్రరావు గారు చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకొని తల్లితో హైదరాబాదు చేరారు. రావిచెట్టు రంగారావు గారి ఇంట ఆశ్రయం పొంది చదువుకున్నారు. అంటే గ్రంథాలయం పుట్టిన ఇంట్లోనే ఆ పిల్లవాడు పెరిగాడు. చుట్టూ పుస్తకాలు, వాటి కోసం వచ్చే పెద్దలు, వాళ్ళ మాటలు. పెద్దయి ఉపాధ్యాయుడయ్యాడు, తెలంగాణ చరిత్ర, శాసనాల మీద పరిశోధన చేసిన పండితుడయ్యాడు. ఆ నిలయం కార్యదర్శిగా దాని బరువు కూడా మోశాడు.

గ్రంథాలయం పెట్టినవారిలో జమీందార్లున్నారు, రాజా ఉన్నాడు, దివాను ఉన్నాడు. దాని ఫలం మాత్రం చదువుకోవడానికి ఆధారం లేని ఒక పిల్లవాడికి బాగా అందింది. పుస్తకాలు కొనగలిగిన ఇళ్ళ పిల్లలకు గ్రంథాలయం లేకపోయినా గడుస్తుంది. షిఫ్టు డ్యూటీలకు పోయే తల్లిదండ్రుల పిల్లలకు, కూలి కోసం మదనపల్లె వైపు నుంచి, కుప్పం వైపు నుంచి వచ్చి మన ఊళ్ళో గది అద్దెకు తీసుకున్న కుటుంబాల పిల్లలకు బడి బీరువాయే గ్రంథాలయం. దానికి తాళం వేస్తే వాళ్ళకు వేరే దారి లేదు.

వేరే చోట్లా ఇదే పని ఇంకో తీరులో సాగింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. చదివేవాళ్ళు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే వాళ్ళ దగ్గరికి పోవాలని వాళ్ళ లెక్క.

మన కోలారు సంగతి

మన జిల్లాలో ఇంటి భాష ఒకటి, రాత భాష ఇంకొకటి కావడం కొత్తేమీ కాదు. మాలూరు తాలూకా మాస్తి ఊరివారైన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం. రాసింది కన్నడం. జ్ఞానపీఠం అందుకున్నారు. బంగారు గనుల్లో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సొరంగంలో పనిచేశాయి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన చోటు అది. 2001లో గనులు మూతపడ్డాయి. అక్కడి కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు రోజూ రైలెక్కి బెంగళూరు పోతున్నారు. పని మారుతుంది, పని చేసే చోటు మారుతుంది. ఒక భాషే నేర్చుకుంటే చాలన్న భరోసా మన జిల్లాలో ఎవరికీ ఎన్నడూ లేదు. కాబట్టి పిల్లలకు కన్నడం బాగా రావాలి. దాంట్లో మాకు రెండో మాట లేదు. ఇంగ్లిష్ కూడా రావాలి. తెలుగు చదవడం వాటికి అడ్డు కాదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక తేలికైన దారి ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయాయి. కన్నడ మాధ్యమంలో చదివిన తల్లిదండ్రులు తెలుగు అక్షరాల్లో చాలావాటిని చూడగానే గుర్తుపడతారు. క, త, శ లాంటి కొన్ని అక్షరాల రూపం, తలకట్టు తీరు వేరు. రోజూ పావుగంట పిల్లల పక్కన కూర్చుంటే కొన్ని వారాల్లో తెలుగు పుస్తకం కూడబలుక్కొని చదవగలరు. బిడ్డే తల్లికి గురువవుతాడు. నాగపూరులో తమ్ముడు అక్కకు చెప్పినట్టే.

ఇంకొకటి. 1965 నాటి చట్టం కింద కర్ణాటకలో ప్రజా గ్రంథాలయ వ్యవస్థ నడుస్తోంది. మనం కట్టే ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నారు. కన్నడంలో అరివు అన్నా, మనం ఎరుక అన్నా ఒక వేరు నుంచి వచ్చిన మాటలే. మన ఊరి అరివు కేంద్రంలో ఒక అర తెలుగు పుస్తకాలకు ఇవ్వమని మర్యాదగా అడగవచ్చు. అడిగే ముందు మన పిల్లల్ని అక్కడికి పంపి కన్నడ పుస్తకాలు కూడా చదివించాలి. వాడే చోట అడిగితే గౌరవం ఉంటుంది.

తాళం తీశాక

దసరా సెలవుల ముందు మేము బీరువా తాళం తీశాం. ఒక నోటుబుక్కులో పేరు, పుస్తకం, తేదీ రాసుకోవడం, వారానికి ఒకటి ఇవ్వడం, అంతే ఏర్పాటు. పుస్తకాలు ఇచ్చేది, రాసుకొనేది ఏడో తరగతి పిల్లలే.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పం. సెలవుల తర్వాత మూడు పుస్తకాలు తిరిగి రాలేదు. ఒక దాని అట్ట చినిగింది. ఒకదాని మీద చిన్న తమ్ముడు పెన్సిలుతో బొమ్మలు గీశాడు. మా భయం నిజమే అనిపించింది. ఆ వారంలోనే ఒక పెద్దాయన బడికి వచ్చాడు. మనవడు రాత్రిపూట చదివి వినిపిస్తున్న కథల పుస్తకం అయిపోయిందట. "ఇంకోటి ఉంటే ఇయ్యి మేష్ట్రూ, వాడు చదువుతా ఉంటే నేను వింటా ఉంటా" అన్నాడు. తిరిగి రాని మూడింటిలో అది ఒకటి. పక్కింటివాళ్ళ చేతిలో ఉందని తర్వాత తెలిసింది. పోయిందనుకున్న పుస్తకం ఇంకో ఇంట్లో చదువుతున్నారు.

పుస్తకం అడిగితే "తర్వాత" అన్నామే, ఆ అమ్మాయి ఇప్పుడు మా బడిలో లేదు. పై తరగతికి వేరే బడికి పోయింది. ఆమెకు ఇవ్వని పుస్తకాన్ని ఇంకెవరికి ఇచ్చినా ఆ లోటు తీరదు. ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు మేము చెప్పేది అదొక్కటే. అడిగిన రోజునే ఇవ్వండి.

తల్లిదండ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లల పుట్టినరోజుకు తరగతికి చాక్లెట్లు పంచేటప్పుడు దానితో పాటు ఒక చిన్న పుస్తకం బడికి ఇవ్వండి. లోపలి పేజీలో బిడ్డ పేరు రాయించండి. తిరుపతికో, మదనపల్లెకో, చిత్తూరుకో పోయినప్పుడు బస్టాండు అంగడిలో ఒక పిల్లల పత్రిక కొని తీసుకురండి. నెలలో ఒక శనివారం పాఠశాల అభివృద్ధి కమిటీ సమావేశం అయ్యాక పావుగంట పిల్లలతో చదివించి వినండి. చదువు రాని తాతలు, అవ్వలు వచ్చి వినాలి. వినేవారుంటే పిల్లలకు చదవాలనిపిస్తుంది. ఏ బాధ్యతనూ ఒక్క ఉపాధ్యాయుడి మీద పెట్టకండి. బదిలీ అయితే పని ఆగిపోతుంది. చోటిచ్చిన మనిషి పోయినా భాషా నిలయం నిలిచిందంటే, దాన్ని తమదనుకున్నవారు పలువురు ఉండబట్టే.

భాషా నిలయం సుల్తాన్ బజారులో ఇప్పటికీ ఉంది. సెల్‌ఫోన్ల కాలంలో గ్రంథాలయాలన్నిటికీ ఉన్న కష్టమే దానికీ ఉంది. అయినా అక్కడ ఒక తలుపు ఉంది, బల్ల ఉంది, తెలుగు పుస్తకం ఉంది. హైదరాబాదు పోయే పని పడితే పిల్లల్ని చార్మినారు చూపించినట్టే అక్కడికీ తీసుకుపోండి.

వచ్చే జూన్‌లో ఇంకొక తండ్రి వచ్చి మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగు అడగరన్న మాట అప్పటికీ నిజమే. ఈసారి మాత్రం మేము ఉపన్యాసం ఇవ్వం. ఆయన్ని బీరువా దగ్గరికి తీసుకుపోయి ఆ నోటుబుక్కు చూపిస్తాం. ఏ పిల్లవాడు ఏ వారం ఏం చదివాడో అందులో ఉంటుంది. ఆయన బిడ్డ చేతికి ఒక పుస్తకం ఇచ్చి, మా బడిలో చేర్చినా చేర్చకపోయినా చదివాక తెచ్చివ్వమంటాం.